బేచిరాగ్ అని రాసిన పొలం

కొత్తగా సర్వే ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను కలిస్తే పరికరాల గురించే అడుగుతారు. ఇప్పుడు ఆకాశం నుంచి కొలిచే యంత్రాలున్నాయి కదా, మీ రోజుల్లో ఎలా చేశారండీ అంటారు. ఎండలో నిలబడి, ఒక కన్ను మూసుకుని చేశాం. అందులో చెప్పుకోవాల్సినంత గొప్ప ఏమీ లేదు.

నా ఉద్యోగం మొత్తంలో కొలత తప్పినందువల్ల ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు. కొలత తప్పితే మళ్లీ కొలుస్తారు. నష్టం జరిగేది కొలత పక్కన మనం రాసే మాటతో. దాన్ని మళ్లీ ఎవరూ కొలవరు. ఒమాన్‌లో నేను అలాంటి మాట ఒకటి రాశాను. దానివల్ల ఒక ముసలాయన పొలం పోబోయింది, ఆ పొలంతోపాటు ఊరి నీళ్లు పోబోయాయి. ఇక్కడ రాస్తున్నది ఆ సంగతి. నా ప్రమోషన్ల గురించి రాయడం లేదు. వచ్చినవే రెండు, వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

*మా ఆఫీసు భాష*

మాది జగిత్యాల దగ్గర పల్లె. సర్వే డిప్లొమా అయ్యాక కొన్నేళ్లు భూమి రికార్డుల ఆఫీసులో తాత్కాలికంగా పనిచేశాను. అక్కడ నిజాం కాలపు మాటలే నడిచేవి. పొలం పటాన్ని టిప్పన్ అనేవాళ్లం, చెరువులో మునిగే భూమిని శిఖం అనేవాళ్లం. జనం వదిలేసిపోయిన ఊరికి బేచిరాగ్ అని పేరు. అంటే దీపం లేని ఊరు. గత్తర రోగం వచ్చో, చెరువు తెగో, దొంగల భయానికో మనుషులు లేచిపోయిన ఊళ్లు రికార్డుల్లో ఆ ఒక్క మాట కింద పడి ఉండేవి. ఇళ్ల గోడలు కరిగిపోయి మట్టిదిబ్బలయ్యేవి, పేరు మాత్రం పటం మీద మిగిలేది.

ఆఫీసులో సీనియర్లు మాకు చెప్పిన అర్థం ఇంకా చిన్నది. బేచిరాగ్ అంటే అడిగేవాడు లేడని. ఆ మాట కనిపిస్తే ఆ పేజీలో ఇక పని లేదని అర్థం. టీకి పోవచ్చు.

ఎనభైల చివర ఒమాన్ వెళ్లినప్పుడు నాతోపాటు బట్టలు, పచ్చడి, ఈ భాష వెళ్లాయి. పచ్చడి మొదటి నెలలోనే అయిపోయింది.

*ఊరు*

కంపెనీ నాకు ఇచ్చినవి ఒక థియోడొలైట్, ఒక లెవెల్, ఒక పికప్, ఒక ఖాదర్. ఖాదర్ బాషాది కడప. అంతకుముందు సహం అనే ఊళ్లో తోటల్లో పనిచేసి అరబ్బీ బాగా నేర్చుకున్నాడు. కాగితం మీద అతని పని కొలకర్ర పట్టుకోవడం. నిజానికి మా ఇద్దరికీ నోరు అతనే. పేరుకు నేను సార్‌ని, అతను నన్ను అన్నా అనేవాడు. అన్నా అంటూనే నా తప్పులన్నీ చెప్పేవాడు.

కువైట్ గొడవ ముగిసిన ఏడాది మమ్మల్ని బహ్లా అనే పట్నానికి ఆవల, కొండ కిందున్న ఒక చిన్న ఊరికి పంపారు. ఆ చుట్టుపక్కల ఊళ్లకు కలిపి ఒక నీళ్ల ట్యాంకు కట్టాలి, దానికి స్థలం చూడాలి, ముందుగా ఊరి పొలాలన్నీ పటం మీదికి ఎక్కించాలి. ప్రతి మడికీ మూడు గడులు నింపాలి. యజమాని ఎవరు, సాగు చేసేది ఎవరు, నీటి వంతు ఎంత.

ఆ ఊరికి నీళ్లిచ్చేది ఫలజ్. కొండ కింద ఊటబావి నుంచి భూమిలోపలే సొరంగం తవ్వి, వాలు మీద నీళ్లను ఊరిదాకా నడిపించుకొచ్చే కాలువ అది. సొరంగం మీద అక్కడక్కడ దిగుడు గుంటలుంటాయి. ఊళ్లోకి వచ్చాక నీళ్లు పైకి తేలి, ముందు తాగడానికి, తరవాత స్నానాలకు, తరవాత తోటలకు పోతాయి. పగలు వంతులు కొలిచేది నేలలో పాతిన ఒక కర్ర. కర్ర నీడ ఒక రాయి నుంచి ఇంకో రాయికి జరిగితే ఒకరి వంతు అయిపోయి ఇంకొకరిది మొదలవుతుంది. నా దగ్గర జపాన్ వాచీ ఉండేది. ఆ ఊళ్లో దాన్ని ఎవరూ టైము అడగలేదు.

ఊరు వింతగా ఉండేది. మనుషులు కొద్దిమంది, మసీదు చాలా పెద్దది. శుక్రవారం రెండు వరసలు నిండేవి, వెనక అంతా ఖాళీ. గోధుమ నూర్చే రాతి కళ్లం ఆ కొద్దిమంది జనానికి అక్కర్లేనంత వెడల్పు, దాని మీద పికప్‌లు నిలుపుకునేవాళ్లు. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన పొలాలుండేవి, వాటికి నీళ్లు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. తోటలో చిన్న చిన్న గోధుమ మళ్ల గట్లు ఇంకా తెలుస్తుండేవి, ఖర్జూరం చెట్లు ఆ గట్లకు అడ్డంగా లేచి ఉండేవి. ఊరి బయట శ్మశానంలో పేర్లు లేని రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి. ఆ శ్మశానం ఊరికన్నా పెద్దది.

ఇవన్నీ పటం మీద సరిగ్గా గుర్తించాను. నా గీతల్లో తప్పు లేదు. కానీ నేను గీసినదాన్ని నేనే చదవలేదు.

*రాసిన మాట*

తోట చివర ఒక పొలం ఉండేది. ఎండిపోయి, దున్ని వదిలేసి ఉంది. పక్క మడిలో గడ్డి కోస్తున్న ఒకతన్ని ఖాదర్‌తో అడిగించాను.

"గీ పొలం ఎవలదట?"

"సచ్చినోళ్లదంట అన్నా."

"సచ్చినోళ్లంటే?"

"ఏడిండ్లోళ్లంట. ఎప్పుడో పెద్ద రోగమొచ్చి ఆ ఇండ్లల్లో ఒగరూ మిగల్లేదంట. తలుపులు మూతపడినాయి. ఈ మడీ, దీని నీళ్లూ వాళ్ల పేరు మీదనే ఉండాయంట."

నేను ఫీల్డ్ బుక్‌లో ఒక మాట రాసుకున్నాను. బేచిరాగ్. ఊరు చచ్చిపోలేదు, పొలం ఒక్కటే, అయినా అలవాటైన మాట చేతికి వచ్చేసింది. టైము పదకొండు. ఎండ బాగా ముదిరింది. దున్ని ఉన్న పొలాన్ని ఎవడో దున్ని ఉంటాడన్న ఆలోచన నాకు రాలేదు.

నేనొక్కడినే అయితే తప్పు అక్కడే ఆగేది. మస్కట్ ఆఫీసులో మా ఫీల్డ్ బుక్కులు చూసి శుభ్రమైన పటాలు గీసేది జబ్బార్ సాబ్, పాతబస్తీ మనిషి. ఆయన కూడా ఒకప్పుడు హైదరాబాదులో అదే శాఖలో పనిచేసినవాడు. ఆ బల్ల ముందు ఏ ఫిలిప్పైన్స్ వాడో, కేరళ వాడో కూర్చుని ఉంటే 'ఇదేం మాట?' అని ఫోన్ చేసేవాడు, చేస్తే నేను మళ్లీ ఆలోచించేవాణ్ణి. జబ్బార్ సాబ్‌కు ఆ మాట తెలుసు. ఆయన యజమాని గడిలో 'లేరు' అని, సాగుదారు గడిలో 'లేరు' అని, నీటి వంతు గడిలో 'వాడుకలో లేదు' అని అందంగా రాశాడు. పెద్దవాళ్లు పటం చూసి, అడ్డులేని చోటు దొరికిందని సంతోషపడి, ట్యాంకు అక్కడే అన్నారు.

ఇద్దరికీ ఒకే భాష తెలిసినచోట ప్రశ్నలు పుట్టవు. మీరు ఎక్కడ పనిచేసినా, మీ రాతను మీ ఊరివాడు కాకుండా ఇంకెవరైనా చదివేలా చూసుకోండి.

*ఎర్ర మేకులు*

ట్యాంకు స్థలానికి ఎర్రరంగు వేసిన మేకులు కొట్టడానికి మళ్లీ నేనే వెళ్లాను. నాలుగు మూలలా కొట్టాం. నాలుగోది కొడుతుండగా ఒక ముసలాయన వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. సన్నటి మనిషి, మోకాళ్ల మీద చర్మం బండబారి ఉంది. భుజాన తాడుచుట్ట. సలాం చెప్పి, మేము పని ముగించేదాకా కదలకుండా చూశాడు. తరవాత ఖాదర్‌ను ఏదో అడిగాడు.

"ఇదేందని అడుగుతాండాడన్నా."

"ట్యాంకు వస్తదని చెప్పు."

ఖాదర్ చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. ఇంకోమాట అన్నాడు.

"నీళ్లు కూడా తీసుకుంటారా అంటాండాడు."

"వాడుకల లేని వంతు గదా. తీసుకుంటరు."

ముసలాయన లేచి, తాడు భుజానికి సర్దుకుని, మా ఇద్దరికీ మళ్లీ సలాం చెప్పి వెళ్లిపోయాడు. గొడవ చేయలేదు. గొడవ చేసేవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లతో పని సులువు. ఆయన పేరు సాలిం అని, ఊళ్లో అందరూ ఆయన్ని వాలిద్ అంటారని, అది తండ్రిలాంటి పెద్దల్ని పిలిచే పిలుపని తరవాత తెలిసింది.

ఆయన ఇంటికెళ్లి ఆ తాడును గోడకు తగిలించాడు. మేకులు ఉన్నన్నాళ్లూ దాన్ని మళ్లీ తియ్యలేదు.

*నీళ్లు తగ్గడం*

చలికాలం వానలు రెండు పడ్డాయి. మామూలుగా వాన పడితే ఫలజ్‌లో నీళ్లు పెరగాలి. నేను వారానికోసారి తీసే కొలతల్లో తగ్గుతూ వచ్చాయి. పరికరం చెడిపోయిందనుకుని మార్చాను. కొత్తదాంట్లో ఇంకా తగ్గాయి.

అప్పుడు మస్కట్ నుంచి ఇద్రీస్ గారు వచ్చారు. ఆయన సూడాన్ మనిషి, మా పనికి పెద్ద ఇంజనీరు. నేను చూసిన బాసుల్లో అరుపు లేనివాడు ఆయనొక్కడే, అందుకే ఆయనంటే అందరికీ భయం. నా కొలతల కాగితం చూసి, పరికరం చూసి, రెండూ పక్కన పెట్టి, "నడుద్దాం" అన్నారు.

చేతులు వెనక్కి కట్టుకుని ఊరంతా నడిచారు. కళ్లం దగ్గర ఆగారు. మసీదులో చివరి వరసదాకా వెళ్లి వచ్చారు. శ్మశానంలో చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డారు. కొండవాలు మీది ఎండిన మెట్ల పొలాలను చాలాసేపు చూశారు. నా పటం తీసి నా చేతికే ఇచ్చారు.

"ఇంత పెద్ద కళ్లం గీశావు. ఇంత గోధుమ ఎవరు తిన్నారు?"

నేను పటం మీద కళ్లం వైపు చూశాను.

"ఇక్కడ పెద్ద చావు వచ్చి వెళ్లింది," అన్నారు. "పాతకాలంలో, మా నైలు ఒడ్డునా, సిరియా వైపు షామ్‌లోనూ, ఇంగ్లీషువాళ్ల దేశంలోనూ ప్లేగు వచ్చింది. చదువుకునే రోజుల్లో మాకు చెప్పారు. ఇంగ్లీషు దేశంలో వాన కురిసి పంట పండుతుంది. మనుషులు తగ్గితే మిగిలిన కూలివాడికి విలువ పెరిగింది. దున్నేవాళ్లు లేక చేలు గొర్రెల బీళ్లయ్యాయి. ఈజిప్టులో అలా కాదు. అక్కడ నీళ్లు కాలువల్లో వస్తాయి. కాలువ పూడిక తియ్యడం ఊరంతా కలిసి చేసే పని. సగం ఊరు చచ్చిపోతే మిగతా సగానికి సగం నీళ్లు రావు, అసలే రావు."

ఆ రోగమే ఇక్కడికీ వచ్చిందా అని అడిగాను.

"తేదీ ఎవరి దగ్గరా లేదు. ప్లేగో, ఇంకోటో, ఒకసారో, మూడుసార్లో. కానీ చూడు. గోధుమకు ఏటా దున్నాలి, కొయ్యాలి, నూర్చాలి. ఖర్జూరానికి అంతమంది అక్కర్లేదు. గోధుమ మళ్లలో చెట్లు నాటేశారంటే చేతులు తక్కువయ్యాయని. పై పొలాలు వదిలేశారు, దగ్గరివి ఉంచుకున్నారు. ఇదంతా నువ్వే గీశావు." ఆగి, నన్ను చూశారు. "ఇంతమంది పోయాక ఆ సొరంగం ఎవరు బాగుచేశారు? ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఆ సంగతి నీ పటంలో లేదు."

*మూసిన తలుపుల వంతు*

ఆ ప్రశ్నకు జవాబు ఫలజ్ వకీల్ దగ్గర దొరికింది. వకీల్ అంటే కోర్టు వకీలు కాదు, ఊరి నీళ్ల లెక్కలు చూసే పెద్ద. పేరు హమూద్. వయసులో ఉండగా కరాచీ రేవులో పనిచేశాడు, ఉర్దూ వచ్చు. మాకు ఖర్జూరాలు పెట్టి, ఖహ్వా అనే వాళ్ల కాఫీ పోసి, మేము గిన్నె ఊపి చాలనేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాడు.

"మీరు ఇన్నాళ్లూ వస్తున్నారు, పోతున్నారు. ఒక్కరోజు కూడా నన్నేమీ అడగలేదు," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అన్నాడు.

వాళ్ల పెద్దలు చెప్పుకుంటూ వచ్చింది ఇది. పెద్ద రోగంలో ఊళ్లో చాలా ఇళ్లు పోయాయి. బంధువులున్న ఇళ్ల ఆస్తి బంధువులకు పోయింది. ఏడు ఇళ్లకు మాత్రం అడిగేవాళ్లు మిగల్లేదు. పూడిక తీసేవాళ్లు లేక సొరంగం మధ్యలో కూలి ఫలజ్ ఎండిపోయింది. ఉన్న కొద్దిమంది ఊరు వదిలి వెళ్లడానికి సిద్ధమయ్యారు. అప్పుడు ఎడారి వైపు నుంచి నలుగురు అన్నదమ్ములు వచ్చారు, బావులు తవ్వేవాళ్లు. సొరంగం తవ్విపెడతారా అని ఊరు అడిగింది. ఏమిస్తారని వాళ్లు అడిగారు. రోగానికి ముందైతే అలా అడిగిన కూలివాణ్ణి తరిమేసేవాళ్లట.

ఇవ్వడానికి ఊరి దగ్గర మనుషులు లేరు, పొలాలున్నాయి. కానీ చచ్చిపోయినవాళ్ల సొత్తు ఇంకొకరికి రాసివ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎప్పటికైనా ఎవరైనా తిరిగి వస్తారేమోనన్న ఆశ ఒకటి. కాబట్టి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏడు ఇళ్ల పొలం, నీళ్లు ఆ ఇళ్ల పేర్ల మీదే ఉంటాయి. సొరంగంలోకి దిగి శుభ్రం చేసేవాడు ఎన్నాళ్లు దిగితే అన్నాళ్లు ఆ పంట తింటాడు. దానికి మూసిన తలుపుల వంతు అని పేరు. చెట్టెక్కి కోసేవాడికి ప్రతి చెట్టు నుంచీ ఒక గెల ఇచ్చే ఆచారం కూడా అప్పుడే వచ్చిందట. అంతకుముందు కింద రాలినవి ఏరుకోవడమే.

"సాలిం ఆ నలుగురిలో ఒకరి వంశం," అన్నాడు హమూద్. "మీరు వచ్చిన రోజు పొలం ఎండి ఉంది. వంతు రావడానికి ఇంకా రెండు రోజులుంది. దున్ని పెట్టుకున్నాడు."

ఆ మాటతో నా మొహం ఎలా అయిందో నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను అనడం చాలా మామూలు మాట, కానీ అదే జరిగింది. ఎందుకంటే మా అమ్మ నాన్న నీరటి. మా ఊరి చెరువుకు తూము దించేది, కట్టకు గండి పడకుండా చూసేది, పొలాలకు నీళ్లు పంచేది ఆయనే. దానికి ఊరు ఆయనకు ఇనాం పొలం ఇచ్చింది. ఆ పొలం బియ్యం తిని పెరిగినవాణ్ణి, ఒమాన్ వెళ్లి ఇంకో నీరటి పొలాన్ని అడిగేవాడు లేని భూమి అని రాశాను.

*సొరంగం*

ఇద్రీస్ గారు, ఖాదర్, నేను సాలిం ఇంటికి వెళ్లాం. సాలిం కొడుకు మస్కట్ దగ్గర బౌషర్‌లో ఆసుపత్రి బండి నడుపుతాడు. ఆ రోజు సెలవు మీద వచ్చి ఉన్నాడు. తాడు గోడకే ఉంది.

"వాలిద్, తప్పు నాదే. దిద్దుతా," అన్నాను. ఖాదర్ చెప్పాడు.

సాలిం చాలా చిన్న జవాబు ఇచ్చాడు.

"ముందు మేకులు పీకమంటాండాడన్నా."

మేకులు పీకడానికి నాకు అధికారం లేదు. కొట్టినవాడు పీకితే అది కంపెనీ పనిని పాడుచేయడం, వీసా రద్దు చేసి ఇంటికి పంపడానికి చాలినంత కారణం. ఇద్రీస్ గారివైపు చూశాను. ఆయన ఖర్జూరం గింజను చూస్తున్నారు. ఇంటి దగ్గర నేను పంపే డబ్బు మీద బతికేవాళ్లు గుర్తొచ్చారు. నేను అలా ఆలోచిస్తూ ఉండగానే ఖాదర్ లేచాడు.

"నువ్వు సంతకాలు పెట్టే మనిషివి, కూర్చో అన్నా. నేను కూలోణ్ణి, నన్నేం జేస్తారు. మేకు వదులైంది, ఊడొచ్చిందంటా," అని బయలుదేరాడు. అతని వీసా నాదానికంటే పల్చనిది. నేను వెనకాలే పరుగెత్తాను. చెరి రెండు పీకాం. ఆ ఎర్ర మేకుల్లో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది, గోడకు చొక్కా తగిలించుకుంటాను.

మర్నాడు పొద్దున సాలిం గోడకున్న తాడు తీసుకుని సొరంగం గుంటలోకి దిగాడు. ఆయన వెనక నేను, టేపు, దిక్సూచి, బ్యాటరీ లైటు. నాకు లోతులంటే భయమని అప్పటిదాకా తెలియదు. లోపల నీళ్లు పిక్కలదాకా ఉన్నాయి. సొరంగం ఎత్తుగా, నున్నగా ఉంది, మనిషి పలుగు భుజాన వేసుకుని నిలువుగా నడిచేంత. చాలాదూరం అలాగే నడిచాం. తొమ్మిదో గుంట దాటాక పైకప్పు హఠాత్తుగా కిందికి దిగింది. వంగాం, తరవాత మోకాళ్ల మీదికి వచ్చాం, తరవాత మోచేతుల మీద పాకాం. ఆయన మోకాళ్లు ఎందుకు అలా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. మధ్యలో గోడ విరిగి మట్టి పడి నీళ్లకు అడ్డంగా ఉంది. సాలిం పడుకునే చేతులతో దాన్ని తోడాడు. నాకు చేతనైనంత నేనూ తోడాను. కొంతసేపటికి నీళ్లు మా పక్కనుంచి ఊరివైపు కదిలాయి. ఇంకా ముందుకు పాకితే సొరంగం మళ్లీ ఎత్తయింది. లేచి నిలబడ్డాం.

సాలిం వెనక్కి, ఆ ఇరుకువైపు చూపించి నాలుగు వేళ్లు ఎత్తాడు. తరవాత మేము నిలబడ్డ చోటు గోడ తట్టి, రెండు చేతులూ బార్లా చాపాడు. ఖాదర్ లేకుండానే అర్థమైంది. ఇది ఊరంతా కలిసి తవ్వింది. అది నలుగురు తవ్వింది. నలుగురికి మనిషి పాకేంత కన్నం తవ్వే శక్తే ఉంది.

బయటికి వచ్చి నేను సొరంగం నిలువుకోత పటం గీశాను. రెండు పక్కలా ఎత్తు, మధ్యలో ఇరుకు. నా జీవితంలో గీసిన పటాల్లో అదొక్కటే మంచి పటం అనుకుంటాను.

*సవరణ*

ఇద్రీస్ గారు ఆ పటాన్ని చాలాసేపు చూశారు. సవరణ మీరు రాస్తారా అని అడిగాను.

"నేను రాస్తే అది శిక్ష అవుతుంది. నువ్వు రాస్తే సవరణ అవుతుంది," అన్నారు.

రాశాను. ఏం చూడలేదో, ఎవర్ని అడగలేదో, ఏ మాట ఎందుకు రాశానో, అన్నీ. నా కాగితం కింద ఆయన సంతకం పెట్టి, సొరంగం పటం జత చేసి పంపారు. కంపెనీ మేనేజరు కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. ఆ నెలల్లో పని బాగా సాగింది. ట్యాంకును ఊరికి ఇవతల ఒక రాళ్లదిబ్బ మీదికి మార్చారు. ఆ రాళ్లదిబ్బ ఎవరిదని ముగ్గురిని విడివిడిగా అడిగాను. ముగ్గురూ నన్ను జాలిగా చూశారు.

మిగిలింది కొత్త పటంలో గడులు నింపడం. యజమాని గడిలో ఏడు ఇళ్ల పేర్లు హమూద్ చెప్పాడు, రాశాం. సాగుదారు గడిలో సాలిం పేరు రాస్తే ఇక ఎవరూ ఆయన్ని కదపలేరు, కొన్నేళ్లకు పొలం ఆయన సొంతమే అవుతుంది. నా తప్పుకు అది తగిన పరిహారం అనుకున్నాను. ఆ సంగతి చెప్పడానికి సంతోషంగా వెళ్లాను.

సాలిం విని, వద్దన్నాడు.

"ఎందుకట?" అన్నాను.

ఖాదర్ అడిగి, వింటూ వింటూ నెమ్మదిగా చెప్పాడు. "నా పేరు రాస్తే పొలం నాదైతాది. నాదైతే నా కొడుకుదైతాది. వాడు సొరంగంలోకి దిగకపోయినా వాడిదే. అప్పుడు ఇంగ లోపలికి దిగేదెవరు అంటాండాడన్నా."

మళ్లీ సెలవుకు వచ్చిన కొడుకు అక్కడే ఉన్నాడు. తండ్రి మాటకు కోపం తెచ్చుకోలేదు, కాదనీ అనలేదు.

నేను పట్టు వదల్లేదు. మా దేశంలోనూ ఇలాంటి పొలమే ఉంటుంది వాలిద్, మా తాతకు ఉండేది, గవర్నమెంటు దాన్ని మా మామ పేరున పట్టా చేసింది, ఎవరికీ నష్టం జరగలేదు అని చెప్పాను. సాలిం మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగాడు. ఒకటే అడిగాడు.

"ఇప్పుడు మీ చెరువుకాడ ఆ పని ఎవరు జేస్తారంటాండాడు."

ఖాదర్ నా జవాబు కోసం ఆగాడు. సాలిం నా గిన్నెలో ఖహ్వా పోశాడు.

ఆ గడిని ఖాళీగా వదిలేశాను. పక్కన చిన్న అక్షరాలతో, మార్చేముందు ఫలజ్ వకీల్‌ను అడగాలి అని రాశాను. మొదటి పటంలోని సాగుదారు గడిని, రెండో పటంలోనిదాన్ని పక్కపక్కన పెడితే పెద్దగా తేడా కనిపించదు, రెంటిలోనూ మనిషి పేరు లేదు. మొదటిసారి ఆ పొలం గురించి రాయడానికి నాకు అర నిమిషం పట్టింది.

ఆ ఏడాది సెలవుకు వచ్చినప్పుడు ఊళ్లో చెరువు దగ్గరికి వెళ్లాను. కట్ట దిగి, ముళ్లకంప పక్కకు నెట్టి, తూము దగ్గర మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డాను. రాతి తొట్టిలో పూడిక నిండి, తూము కర్ర విరిగి ఉంది. దాని కింద పొలాల్లో సగం బీడు. మా మామ కట్ట మీదుగా వెళ్తూ నన్ను చూసి ఆగాడు.

"గాడ ఏం జేస్తున్నవ్‌రా?"

"తూము జూస్తున్న మామా. పూడిక తియ్యాలె."

మామ నవ్వాడు. మంచి మనిషి, నన్ను ఎత్తుకుని పెంచినవాడు.

"నీకేమన్న పిచ్చా? పట్టా అయిపాయె, పొలం మనదేనాయె. ఇంక తూముతోని మనకేం పనిరా?"